అవసరం లేదు

వైశాలి, ఘాజియాబాద్
జూన్, ఎండ మంట

సరోజినత్తా,

ఎలా ఉన్నావని అడగను. బాగానే ఉంటావు, నీకు జబ్బు పడే తీరికెక్కడిది! ఫోన్ చేద్దామంటే మరమగ్గాల చప్పుడు నీ చెవుల్ని ఎప్పుడో మింగేసింది. పోయినసారి "మెట్రోలో ఉన్నా" అంటే "మిట్టలో నీకేం పని" అని తిట్టావు. అందుకే కాగితం. కాగితం మీద అరిస్తే నీకు బాగా వినబడుతుంది.

ఉద్యోగం దొరికింది. నోయిడాలో ఒక స్టూడియో. తమిళ సినిమా నడుస్తుంటే తెర కింద తెలుగులో మాటలు వస్తాయి చూడు, అవి రాయడం. మా బాసు జయచంద్ర గారు హైదరాబాద్ మనిషి. మొదటిరోజు అందరి ముందూ అడిగాడు, "తమిళం ఏ కాలేజీల నేర్చుకున్నవ్?" అని. "నగరి బస్టాండులో సార్" అన్నాను. తమిళనాడు అంచున ఉన్న మన ఊళ్లో తమిళ బోర్డులు చదివి, పోస్టర్లు చదివి, టీకొట్టులో తగాదాలు విని నేర్చుకున్నాను కాబట్టి అదే చెప్పాను. పక్కనున్న ఇంజనీర్లు నవ్వారు. నేను నవ్వలేదు. నవ్వేవాళ్ల పళ్లు ఎంత శుభ్రంగా ఉన్నాయో చూస్తూ నిలబడ్డాను. దీపావళిదాకా చూస్తారట. పని నచ్చితే పర్మినెంటు, లేకపోతే సంచి సర్దుకోవడమే.

ఇప్పుడు అసలు సంగతి. కుర్చీలో సరిగ్గా కూర్చో. నాకిచ్చిన మొదటి సినిమా ఏదో తెలుసా? నువ్వు నా చిన్నప్పటి నుంచీ చెబుతున్న ఆ నలుపు తెలుపు తమిళ లాయరు సినిమా! పాత ప్రింటును కడిగి తళతళలాడించారు. మిల్లు యజమాని పడకమీద చచ్చిపడి ఉండటం, నర్సు వైదేహిని పోలీసులు పట్టుకుపోవడం, నల్లకోటు లాయరు కోర్టులో కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ ప్రశ్న అడగడం... అత్తా, హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కదాన్నే ఈల వేశాను. సెక్యూరిటీ భయ్యా పరుగెత్తుకొచ్చాడు.

మిల్లు యజమాని చనిపోయే రాత్రి డాక్టరు ఫోన్ చేసే సీను గుర్తుందా? "మందు ఇప్పుడే పంపనా?" అంటాడు. "అవసరమిల్లై" అంటుంది వైదేహి. ఇలాంటి చోట మన ఊరివాళ్లకు ఎంత సుఖమో చూడు, తమిళంలో ఏముందో తెలుగులోనూ అదే రాసి పారేశాను. "అవసరం లేదు."

చలికాలంలోగా నీకో ఢిల్లీ స్వెటర్ పంపుతా.

నీ మేనకోడలు
భానుశ్రీ

*

నగరి
జూన్ ఆఖరు

మే భానూ,

నీ ఉత్తరం ఇస్తూ పోస్టుమ్యాన్ నాగభూషణం, "బరువుగా ఉందక్కా, లోపల కోపమేమో" అన్నాడు. చదివి ఎగిరి గంతేసినాను. మోకాలు కలుక్కుమంది. అయినా ఇంకో గంతేసినాను.

ఆ సినిమానా! మన ఊరి సినిమా కొట్టాయిలో, టెంటు కింద ఇసకలో కూర్చుని చూసినాము. ఆడోళ్లు ఒకపక్క, మగోళ్లు ఒకపక్క, మధ్యలో తడిక. మా నాయన మురుకుల పొట్లం కొనిచ్చినాడు. లాయరు గొంతెత్తినప్పుడల్లా నేనొక మురుకు విరిచేదాన్ని. తడిక అవతల మిలిటరీ క్రాపు తల ఒకటి అడ్డంగా ఉండి సగం తెర కనబడలేదులే. అది వదిలెయ్.

చివర్లో ఆ డాక్టరు దొంగవెధవ బోనులో ఎట్ల దొరికిపోతాడో! అబ్బా, ఏం సీను!

నవ్వినోళ్లను పట్టించుకోవద్దు. నీ నోరు మటుకు కాస్త అదుపులో పెట్టుకో. స్వెటర్ పంపుతానంటివే, అవసరం లేదు. చలికి ఇంకా ఎన్నో నెలలుంది, నిదానంగా పంపు.

అత్త

*

వైశాలి
ఆగస్టు, వాన, రోడ్డంతా చెరువు

అత్తా,

నా ఉద్యోగం ఒక్క మాట మీద వేలాడుతోంది. ఆ మాట నీదీ నాదీ.

జయచంద్ర సార్ పిలిచి స్క్రీన్ చూపించాడు. "గిదేంది భానుశ్రీ? డాక్టర్ మందు పంపుతనంటే హీరోయిన్ అవసరం లేదంటదా? మందు వద్దన్నదంటే ఆమెనే చంపినట్టు గదా! మరి క్లైమాక్స్‌ల నిర్దోషి ఎట్లయితది?"

"మందు వద్దనలేదు సార్. అవసరం లేదంది."

"అదే చెప్తున్న నేను గూడ!"

"తొందర లేదంది సార్! పొద్దున పంపినా పరవాలేదంది!"

అప్పుడు తెలిసింది అత్తా. తమిళంలో అవసరమంటే తొందర. మన నగరిలోనూ తొందరే. హైదరాబాద్‌లో, బెజవాడలో, కాకినాడలో మాత్రం అవసరమంటే కావాల్సి రావడమట. అక్కర. పుట్టి ఇన్నేళ్లయింది, నాకెవరూ చెప్పలేదు!

"తెలుగుల అట్ల ఎవ్వరన్నరు. తమిళం మాట ఎత్తుకొచ్చి పెట్టినవ్" అన్నాడు. నాకు మండింది. "మా ఊళ్లో అంటారు. మా ఊరిది తెలుగు కాదా? మీ తెలుగులో సగం హిందీ ఉంటే అది తెలుగూ, మా తెలుగులో ఒక తమిళ మాట ఉంటే అది తప్పూనా?" అని అరిచాను. నీ ఉత్తరం తీసి బల్లమీద పెట్టాను. "చూడండి, మా అత్త రాసింది. స్వెటర్ అవసరం లేదు, నిదానంగా పంపు."

చదివాడు. "పాపం, స్వెటర్ వద్దన్నది మీ అత్త" అన్నాడు.

"పక్కనే నిదానంగా పంపమంది కదా సార్!"

"అది మొహమాటం."

అత్తా, ఆ మనిషిని కుర్చీతో సహా యమునలో పడేద్దామనిపించింది.

చివరికి ఒప్పందమిది. వచ్చే నెల ఢిల్లీ కంటోన్మెంట్‌లో తెలుగు మిలిటరీ కుటుంబాలకు ఈ సినిమా ఉచితంగా వేస్తున్నారు. నా మాట మార్చకుండా అలాగే వేస్తారు. జనానికి అర్థమైతే నేను గెలిచినట్టు. కాకపోతే దీపావళిదాకా కూడా ఆగక్కర్లేదు, సంచి సర్దుకోవడమే. ఈలోగా నాకు సాక్ష్యం కావాలి. మన నగరి మనిషి బయటి తెలుగు మనిషితో అవసరం లేదంటే ఆ మనిషి సరిగ్గా అర్థం చేసుకున్న సందర్భం ఒక్కటి రాయి. ప్రమాణం చేసి రాయి.

ఇంకోటి. హంతకుడు డాక్టరు కాదు, మిల్లు యజమాని సెక్రటరీ! నువ్వసలు ఆ సినిమా చూశావా?

భానుశ్రీ

*

నగరి
ఆగస్టు

భానుశ్రీకి,

నగరి నివాసి, మగ్గాల పనిలో ముసలిదైన సరోజిని అనే నేను కోర్టు వారికి చెప్పుకునేది.

పెరుగమ్మి పొద్దున్నే పెరుగు పొయ్యనా అంటే అవసరం లేదంటాను. మధ్యాహ్నం తెచ్చి పోస్తుంది. బస్సు కండక్టరు దిగాలా అంటే అవసరం లేదంటాను. స్టాపు వచ్చినాక దింపుతాడు. ఇద్దరూ నగరి వాళ్లే. బయటోళ్లతో నాకేం పని? బయటోళ్లు అర్థం చేసుకున్నారా లేదా అనేది నీ కేసుకు సంబంధం లేని సంగతి.

డాక్టరు కాదంటివి. కాకపోతే కాకపోనీ. మరిచిపోయుంటాను.

ఇక్కడ మామిడి చెట్లకు మందు కొడతా ఉన్నారు. వాసన.

అత్త

*

వైశాలి
సెప్టెంబరు

అత్తా! అత్తా! అత్తా!

ఓడిపోయాను. గెలిచాను. మళ్లీ ఓడిపోయాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. అక్షరాలు వంకర పోతే అది నవ్వు, భయం కాదు.

కంటోన్మెంట్ హాలు నిండిపోయింది. ఆంటీలు, అంకుళ్లు, తెలుగు అర్థమై హిందీలో జవాబు చెప్పే పిల్లలు. ఫోను సీను వచ్చింది. నా మాట తెర కింద పడింది. "అవసరం లేదు." హాలంతా ఒక్కసారి "అమ్మో!" అంది. నా వెనక ఆంటీ చెయ్యెత్తి తెరను తిట్టింది, "ఒసేయ్ రాక్షసీ! ముసలాయన్ని పొట్టన పెట్టుకున్నావు కదే!"

ఒక్కళ్లకీ అర్థం కాలేదు. ఒక్కళ్లకీ! సినిమా అయ్యేవరకూ వైదేహి హంతకురాలే. ఆమె ఏడిస్తే "నాటకాలు" అన్నారు. లాయరు ఆమెను వెనకేసుకొస్తే "డబ్బుకి గడ్డి తింటున్నాడు" అన్నారు. నేను కుర్చీలో కుంగిపోయాను. ఏ పాపం ఎరగని పిల్ల. నా ఒక్క మాటతో నేను దాన్ని బోనెక్కించాను.

చివర్లో సెక్రటరీ దొరికాడు. అత్తా, జనం కుర్చీలెక్కారు! "అరే క్యా ట్విస్ట్ హై" అని పిల్లలు, "మందొద్దంది కదా, మరి ఎలా" అని పెద్దలు, మొత్తానికి ఒకటే చప్పట్లు. జయచంద్ర సార్ కళ్లు మెరిశాయి. నా భుజం తట్టి, "కమాల్ చేసినవ్ పో! ఆ మాట గట్లనే ఉంచుతున్నం. నువ్వు పర్మినెంట్" అన్నాడు.

నువ్వైతే దణ్ణం పెట్టి ఊరుకునేదానివి. నాకు ఒళ్లు మండిపోయింది. వేదికెక్కి మైకు లాక్కున్నాను. "అందరూ ఆగండి! అది ట్విస్టు కాదు, నా తప్పు. ఆ అమ్మాయి మందు వద్దనలేదు. మా నగరిలో అవసరం లేదంటే తొందరేం లేదని. వైదేహి మొదటి నుంచీ మంచిదే. ఆమెను తిట్టినవాళ్లందరూ వెనక్కి తీసుకోండి!" అన్నాను. హాలు గొల్లుమంది. వెనక ఆంటీ నిజంగానే చెంపలేసుకుంది.

కిందికి దిగాక ఒకాయన ఎదురొచ్చాడు. తెల్లటి మీసం, కర్రలా నిటారుగా ఉన్నాడు. రిటైరైన సుబేదారు, పేరు భీమేశ్వరరావు. తుని వైపు మాట.

"ఏ ఊరన్నావమ్మాయ్?"

"నగరి అంకుల్."

"అక్కడ అవసరం లేదండీ అంటే..."

"తొందరేం లేదండీ అని."

"వద్దని కాదూ?"

"కాదు."

ఆయన మెట్లమీద కూలబడ్డాడు. చేతిలో టీ ఒలికి ప్యాంటు తడిసింది, చూసుకోలేదు. భుజాలు అదురుతుంటే ఏడుస్తున్నాడనుకుని వంగి చూశాను. నవ్వుతున్నాడు! మనవరాలు అక్షర వచ్చి "క్యా హువా నానూ?" అంటే చెప్పలేక చెయ్యి ఊపుతున్నాడు. "ఈ సినిమా నేను మీ ఊళ్లోనే చూశానమ్మా. ఇసకలో. అందుకే ఇవాళ పనిగట్టుకుని వచ్చాను" అన్నాడు. తర్వాత మీసం సవరించుకుని, "మగ్గాల సీతారామయ్య గారి అమ్మాయి... సరోజిని అని..." అని ఆగిపోయాడు.

సాక్షి సరోజినీ, బోనులోకి రా. తడిక అవతల ఆ మిలిటరీ క్రాపు ఎవరిది? నువ్వు సినిమా చివర ఎందుకు చూడలేదు? డొంకతిరుగుడు వద్దు. పెరుగమ్మి కథలు అస్సలు వద్దు.

భానుశ్రీ

*

నగరి
సెప్టెంబరు

భానూ,

నీ ఉత్తరం చదివి, మడిచి, బియ్యం డబ్బాలో పెట్టి, మళ్లీ తీసి చదివినాను. నాగభూషణం వాకిట్లోనే నిలబడి "ఏమక్కా, చెడ్డ కబురా" అన్నాడు. పొమ్మన్నాను. నీళ్లు తాగి పొమ్మన్నాను. ఏం మాట్లాడినానో నాకే తెలీదు.

సరే, ప్రమాణం చేసి చెబుతా ఉండా.

ఆయన అక్క మన వీధిలోనే కాపురం ఉండేది. సెలవుకు వచ్చినాడు. వాకిట్లో నీళ్లు చల్లేటప్పుడు నేను, నీళ్లు తప్పించుకోవడానికి పక్కకు దుమికేది ఆయన. మా పరిచయం అంతవరకే. తడిక సందులోనించి సినిమా కంటే ఆ క్రాపునే ఎక్కువ చూసినాను, ఇంకేం దాచేది?

ఇంటర్వెల్లులో సోడా బండి దగ్గర వచ్చి నిలబడినాడు. నా నోటి నిండా మురుకు. "మీ నాన్నగారితో మాట్లాడమంటారాండీ?" అన్నాడు. అంత మర్యాదగా మాతో ఎవరు మాట్లాడతారే? నాయన అక్కడే, పది అడుగుల్లో, మగ్గం నూలు ధర గురించి ఎవరితోనో కొట్లాడతా ఉండాడు. ఆ కోపంలో ఉన్నోడి దగ్గరికి ఈయన పోతే ఏమవుతుంది? నిదానంగా, రేపో ఎల్లుండో, ఇంటికొచ్చి అడిగితే బాగుంటుందని నా ఆశ. మురుకు మింగి, సిగ్గుపడి, "అవసరం లేదండీ" అన్నాను.

ఆయన మొహం మాడిపోయింది. నేనది సిగ్గనుకున్నాను! మిలిటరీ వాళ్లకు సిగ్గు అట్ల వస్తుందేమో అనుకున్నాను!

ఇంటర్వెల్ తర్వాత ఏం జరిగిందో నాకు తెలీదు. లాయరు అరిచినాడు, ఎవరో దొరికినారు, నేను మటుకు నా పెళ్లిలో ఉన్నాను. మరుసటిరోజు ఆయన రైలెక్కినాడు. నేను మామిడికాయలు పండేదాకా చూసినాను, పండ్లు అయిపోయేదాకా చూసినాను. మురుకు నములుతా మాట్లాడినానని అసహ్యపడినాడు అనుకున్నాను. ఆ దినం నుంచి మురుకు ముట్టలేదు. ఎంత ఇష్టమో నాకు మురుకంటే!

తర్వాత వచ్చిన సంబంధాలకు నిజంగానే వద్దన్నాను. అప్పుడు మటుకు వద్దు అనే అన్నాను, అందరికీ సరిగ్గానే అర్థమైంది.

నవ్వొస్తా ఉంది భానూ. కోపం రావాలి కదా? నవ్వొస్తా ఉంది. ఆయన నవ్వినాడన్నావు. ఎట్ల నవ్వినాడు? మీసం కదిలిందా?

ఈ ఉత్తరం నీ బాసుకు చూపిస్తే నిన్ను చంపేస్తా. ఆయనకు చూపిస్తే... నీ ఇష్టం.

అత్త

*

వైశాలి
అక్టోబరు, గాలిలో పొగ

అత్తా,

మీసం కదిలింది. ఎక్కువే కదిలింది.

వరసగా చెబుతాను. మాట మార్చకపోతే నేను పనే చెయ్యనని జయచంద్ర సార్‌తో చెప్పాను. "పిచ్చా నీకు? జనానికి నచ్చింది. నీ ఉద్యోగం నిలబడ్డది. లైట్ తీస్కో యార్" అన్నాడు. "తప్పు చేయని మనిషిని హంతకురాలిని చేసి నేను జీతం తీసుకోను. అది మీరు చేసుకోండి" అన్నాను. "అయితే సంచి సర్దుకో" అన్నాడు. సర్దుకున్నాను. నిజంగానే సర్దుకున్నాను అత్తా. లంచ్ డబ్బా, హెడ్‌ఫోన్లు. హెడ్‌ఫోన్లు వాళ్లవని గుర్తొచ్చి మళ్లీ తీసి పెట్టాను.

నేను గేటు దాటేలోపే ఎదురుగా సుబేదారు గారు వస్తున్నారు. నీ ఉత్తరం ముందురోజే ఆయన చేతికిచ్చాను, నా ఇష్టమన్నావు కదా. మాట మార్చమని బాసుతో కొట్లాడబోతున్నానని కూడా చెప్పాను. ఇస్త్రీ చొక్కా, ఛాతీమీద మెడల్స్. మా సెక్యూరిటీ భయ్యా అలవాటు లేకపోయినా సెల్యూట్ కొట్టాడు. ఆయన నన్ను వెంటబెట్టుకుని నేరుగా బాసు గదిలోకి నడిచారు.

"బాబూ, నేను సాక్షిని" అన్నారు.

"దేనికి అంకుల్?"

"ఆ మాటకి. చూసినవాళ్లకి ట్విస్టు నచ్చిందంటున్నారు మీరు. ఆ ట్విస్టు నేను సగం జీవితం చూశాను బాబూ. ఏం బాగాలేదు."

తర్వాత మొత్తం చెప్పారు. సోడా బండి, మురుకు, రైలు. గొంతు ఎక్కడా తగ్గలేదు, పరేడ్‌లో రిపోర్టు ఇచ్చినట్టు చెప్పారు. అద్దాల అవతల ఇంజనీర్లందరూ పని ఆపి చెవులు తలుపుకి ఆనించారు. నన్ను చూసి నవ్విన ఆ శుభ్రమైన పళ్లవాళ్లలో ఒకమ్మాయి ముక్కు చీదుకుంటోంది!

జయచంద్ర సార్ పెన్ను మూత పెట్టి నావైపు చూశాడు. "మీ అత్త... స్వెటర్ నిజంగనే కావాలన్నదా?" అన్నాడు.

"కావాలంది సార్. తొందర లేదంది."

కంప్యూటర్ నావైపు తిప్పాడు. నేను నిలబడే ఆ మాట చెరిపి రాశాను. "తొందరేం లేదండీ." పర్మినెంటు సంగతి తేలకుండానే మళ్లీ కూర్చుని మిగతా సినిమా పని మొదలుపెట్టాను. సాయంత్రం కాగితం తెచ్చి నా బల్లమీద పెట్టి, "సంతకం జెయ్యి, అరవకు" అని వెళ్లిపోయాడు. ఉద్యోగం నాదే అత్తా. వైదేహి కూడా బయటపడింది.

ఇక నీ కేసు.

సుబేదారు గారి భార్య పోయి చాలా ఏళ్లయింది. కూతురి దగ్గర ఉంటున్నారు. మెట్రో దాకా నన్ను దింపడానికి వచ్చి, టికెట్ గేటు దగ్గర నిటారుగా నిలబడి, నాతో అన్న మాటను ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. "అమ్మాయ్, ఆవిడ నాన్నగారు ఇప్పుడు లేరు కదా. అందుకని ఆవిడనే అడుగు. నగరికి వచ్చి మాట్లాడమంటారా అని." వెనక నుంచి జనం "భాయ్‌సాబ్, ఆగే బఢో" అని అరుస్తున్నా కదల్లేదు. ఆయన వెంట వచ్చిన అక్షర "నానూ, ఈసారి మీనింగ్ భీ పూఛ్ లేనా" అంది.

అందుకని అర్థంతో సహా జవాబు రాయి. మురుకులు ఆయనకూ ఇష్టమేనట.

భానుశ్రీ

*

నగరి
నవంబరు

భానూ,

పొద్దున్నుంచి నాలుగు కాగితాలు చించినాను. పెద్దగా రాయడానికేమీ లేదు.

ఆయన్ను రావద్దను. వయసైన మనిషి, అంత దూరం ఎందుకు? నాగభూషణం కొడుకు చేత నాకే రైలు టికెట్టు తీయించినాను. ఈ ఊళ్లో ఒకసారి ఎదురుచూసింది చాలు, ఈసారి రైలెక్కేది నేను. మురుకులు చుడతా ఉండా, ఒక డబ్బా నాకు, ఒక డబ్బా ఆయనకు. దోవలో నాది అయిపోతే ఆయనదీ తినేస్తానని ముందే చెప్పిపెట్టు.

ఆయన అడిగినదానికి జవాబు ఒక్క మాటే. అవసరం. మన నగరి అర్థం తీసుకున్నా సరే, వాళ్ల తుని అర్థం తీసుకున్నా సరే.

ఆ స్వెటరు కూడా అవసరమే. అక్కడ చలి గట్టిగా ఉంటుందంట కదా.

అత్త